దేశంలో ఉన్న కొడుకు

"నీకు కొడుకున్నాడు. అదే తంటా," అన్నాడు జెఫ్.

మ్రికాకు నవ్వొచ్చింది. తమ ష్కోద్రా పట్నంలో కొడుకు లేనివాళ్ళను చూసి అయ్యో అన్నవాళ్ళున్నారు గానీ, ఉన్నందుకు తప్పు పట్టినవాళ్ళను ఆవిడ అరవై తొమ్మిదేళ్ళలో చూడలేదు.

జెఫ్ నవ్వలేదు. జనన మరణాల కార్యాలయం ఎదురుగా అతనిది చిన్న దుకాణం. అర్జీలు రాస్తాడు, అనువాదాలు చేయిస్తాడు, ఏ కాగితానికి ఎవరి ముద్ర పడాలో కళ్ళు మూసుకుని చెప్తాడు. ఊళ్ళో సగం మంది ఇటలీ ప్రయాణాలు ఆ బల్ల మీదే మొదలయ్యాయి. మ్రికా ప్రయాణం మాత్రం అక్కడే ఆగింది.

"ఇటలీ వాళ్ళ నియమం ఇదీ, అక్కా. అక్కడున్న కూతురు తల్లిని శాశ్వతంగా తెచ్చుకోవాలంటే, ఆ తల్లికి సొంత దేశంలో ఇంకో బిడ్డ ఉండకూడదు. ఉంటే వాడే చూసుకుంటాడుగా అంటారు. నీ కుటుంబ పత్రంలో ఇద్దరున్నారు. అల్కెతా, ఇటలీలో. పెట్రిత్, ఇక్కడ. దాంతో తిప్పి పంపేశారు."

"వాడు నన్ను బానే చూసుకుంటాడు."

"అందుకే వచ్చింది ఇదంతా."

"వేరే దారి లేదా?"

"నీకు అరవై ఐదు దాటాయి కాబట్టి ఒకటుంది. ఇక్కడున్న కొడుకు పెద్ద జబ్బుతో ఉన్నాడు, తల్లిని పోషించలేడు అని ఆసుపత్రి వాళ్ళు రాసివ్వాలి."

"వాడు నిన్న గ్యాస్ బండ భుజాన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కాడు."

"తెలుసు. నాకు ఎదురుపడి, తప్పుకో జెఫ్ అని అరిచాడు కూడా. పోనీ, అల్కెతాకు ఇటలీ పౌరసత్వం వచ్చిందనుకో, ఈ షరతే ఉండదు. కానీ దానికి ఇంకో మూడేళ్ళు పడుతుంది."

"మూడేళ్ళకు నోయెమికి తొమ్మిదొస్తాయి. అప్పుడు అమ్మమ్మ ఎవరికి కావాలి?"

"అయితే ఇప్పటిలాగే. మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇక్కడ."

మ్రికా తల అడ్డంగా ఊపింది. ఆ వైభోగం రెండుసార్లు చూసింది. ఇటలీలోని బ్రెషాలో అల్కెతాకు ఆసుపత్రిలో ఉద్యోగం, వారానికో వేళ. భర్త వదిలేసి నాలుగేళ్ళయింది. మ్రికా వెళ్ళిన రోజు నుంచే నోయెమి గోడ మీది క్యాలెండర్‌లో గళ్ళు కొట్టేయడం మొదలుపెట్టేది. పోయినసారి ఎనభై ఎనిమిదో రోజున ఆ పిల్ల అమ్మమ్మ పాస్‌పోర్టును బట్టలుతికే మెషీన్‌లో దాచింది. మీట నొక్కబోయి అల్కెతా చూసింది కాబట్టి సరిపోయింది. నోయెమిని ఇన్నాళ్ళూ సాయంత్రాలు చూసిన పక్కింటావిడ ఈ వేసవి చివర ఊరు మారిపోతోంది. అల్కెతా ఉద్యోగం మానాలి, లేదా తల్లి రావాలి.

"గడువెంత?" అంది.

"ఇల్లు ముగ్గురికి సరిపోతుందని అక్కడి నగరపాలక సంస్థ వాళ్ళు ఇచ్చిన పత్రం ఇంకో నలభై రోజులే చెల్లుతుంది. ఇంటాయన ఇల్లు అమ్ముకుంటున్నాడట, మళ్ళీ సంతకం పెట్టనన్నాడు. ఈ నలభై రోజుల్లో మన కాగితం కదలాలి. కదలకపోతే మళ్ళీ మొదటి నుంచి."

జెఫ్ లేచి తలుపు దగ్గరకు వేశాడు. బల్ల సొరుగులోంచి నల్ల అట్ట పుస్తకం ఒకటి తీసి ముందు పెట్టాడు. అంచులు చెదలు కొట్టేశాయి.

"ఇంకో దారుంది. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు," అన్నాడు.

ఆ పుస్తకం జెఫ్ తల్లిది. ముప్పై ఏళ్ళు ఆ పేటకు ఆవిడే మంత్రసాని. మ్రికా దాన్ని ముట్టుకోలేదు. లోపల ఏ పేజీలో ఏముందో ఆవిడకు తెరవకుండానే తెలుసు.

వెయ్యి తొమ్మిది వందల ఎనభై ఐదు, నవంబరు. మ్రికా తమ్ముడు లాజర్ బునా నది ఈది యుగోస్లావియాలోకి పారిపోబోయాడు. సైనికులు కాల్చి చంపారు. పారిపోవడం అప్పట్లో దేశద్రోహం. పోయినవాడు చచ్చినా, మిగిలిన ఇంటిల్లిపాదినీ ట్రక్కు ఎక్కించి దక్షిణాన చిత్తడి నేలల్లోకి తోలేవారు. లాజర్ భార్య లేనా నిండు చూలాలు. ట్రక్కు వచ్చే ముందురోజు మధ్యాహ్నం మ్రికా ఇంట్లో కన్నది. ద్రోహి కొడుకని రాస్తే ఆ పిల్లాడికి బడి లేదు, పని లేదు, పెళ్ళి లేదు. మంత్రసాని తల్లి పేరు దగ్గర మ్రికా అని రాసింది. తండ్రి పేరు దగ్గర మ్రికా భర్త కోల్ అని రాసింది. ఎందుకైనా మంచిదని ఈ పుస్తకంలో మాత్రం నిజం రాసుకుంది. బిడ్డ చచ్చి పుట్టిందని లేనా పోలీసులతో చెప్పింది. ట్రక్కు ఎక్కేముందు మ్రికా చెయ్యి పట్టుకుని, "నీ కొడుకే. వాడికి కూడా చెప్పకు," అంది. మ్రికా మాటిచ్చింది. నాలుగో చలికాలం లేనా అక్కడే పోయింది.

కడుపు ఎప్పుడు వచ్చిందని వీధిలో ఎవరూ అడగలేదు. చలికాలం కదా, కోటు కింద కనబడలేదులే అన్నారు. ఏడు ఇళ్ళకు తెలుసు. ఏడు ఇళ్ళూ ముప్పై తొమ్మిదేళ్ళుగా నోరు విప్పలేదు. లేనాకు ఇచ్చిన మాట మ్రికా ఒక్కతిదే కాదు మరి.

"కోర్టుకు వెళ్దాం," అన్నాడు జెఫ్. "ఈ పుస్తకం, రక్తపరీక్ష, వీధిలోంచి ఇద్దరు సాక్షులు. నాకు తెలిసిన వకీలున్నాడు. నెలలో తీర్పొస్తుంది. పెట్రిత్ పేరు నీ పత్రంలోంచి తీసేస్తారు. ఆ వెంటనే నీకు వీసా. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అక్కా. అబద్ధం ఇప్పుడున్నదే."

"వాడికి తెలియకుండా అవుతుందా?"

"రక్తం వాడిదే ఇవ్వాలి."

మ్రికా లేచింది. "ఆలోచించుకుని చెప్తా."

"తొందరగా ఆలోచించుకో."

ఆవిడ సైకిలెక్కింది. ఇల్లు పది నిమిషాల దూరం. ఆరోజు అరగంట పట్టింది.

*

ఇంట్లో పెట్రిత్ చిక్కుడు గింజల పులుసు మరిగిస్తున్నాడు. ష్కోద్రా నుంచి రాజధాని టిరానాకు రోజూ రెండుసార్లు మినీబస్సు తోలే మనిషి. ఆదివారం ఒక్కరోజే గరిటె పట్టుకుంటాడు, పట్టుకుంటే ఎవర్నీ వంటింట్లోకి రానివ్వడు.

"ఆ జెఫ్ నిన్ను పిలవడం ఇది మూడోసారి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నీకేమైనా సంబంధం చూశాడా ఏంటి?"

"చూస్తే నీకు చూస్తాడు. నలభై మీద పడుతున్నాయి, ఇంకా అమ్మ ఉతికిన చొక్కా వేసుకు తిరుగుతున్నావ్."

"అమ్మ ఉతికితేనే తెల్లగా ఉంటుంది. ఏమన్నాడు?"

"కాగితాలు. ఎప్పుడూ ఉండేదే."

పెట్రిత్ తిరిగి చూశాడు. లాజర్ కళ్ళు. ఎన్నో ఏళ్ళుగా మ్రికా వాటిని లాజర్ కళ్ళు అనుకోవడం మానేసింది. జెఫ్ ఆ పుస్తకం తీసి మళ్ళీ గుర్తు చేశాడు.

చెప్పాలంటే ఇదే సమయం అనుకుంది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. తెరంతా నోయెమి ముఖమే. ముందు పళ్ళు రెండూ లేవు.

"అమ్మమ్మా, పన్ను ఊడింది! నువ్వొచ్చేదాకా పారెయ్యద్దని కప్పులో పెట్టా!"

వెనక నుంచి అల్కెతా ఫోన్ లాక్కుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన ముఖం. "జెఫ్ ఏమన్నాడమ్మా? తిప్పి పంపారట కదా? నాకు వకీలు చెప్పింది. అన్నయ్య ఉన్నాడనేగా?"

"తర్వాత మాట్లాడదాంలే."

"తర్వాతంటే ఎప్పుడు? నలభై రోజులే ఉన్నాయి! అన్నయ్య అక్కడ లేకపోతే ఈపాటికి నువ్వు ఇక్కడ ఉండేదానివి. నేను తప్పుగా అనట్లేదు, వాళ్ళ లెక్క అలా ఉంది. వాడు ఒక్కడు అడ్డం..."

అల్కెతా ఆగింది. మ్రికా భుజం వెనక పెట్రిత్ గరిటెతో నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా, నువ్వక్కడే ఉన్నావా?"

"అదే కదా వాళ్ళ బాధ. ఇక్కడే ఉన్నాను," అన్నాడు పెట్రిత్.

అతను పులుసు వడ్డించాడు. తినేటప్పుడు మ్రికా ఆ విషయం చెప్పలేకపోయింది. అడ్డం అనే మాట ఇంకా బల్ల మీదే ఉంది. దాని పక్కన, నువ్వు నా కడుపున పుట్టలేదు అనే మాట కూడా పెడితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. వాణ్ణి తోసెయ్యడానికి సాకు దొరికినట్టు ఉంటుంది.

*

మర్నాడు పొద్దున్న పెట్రిత్ మంచం ఖాళీ. సాయంత్రం రాలేదు. ఫోన్ కలవలేదు. మంగళవారం మ్రికా సైకిల్ మీద మినీబస్సుల స్టాండుకు వెళ్ళింది. పెట్రిత్ బండి అక్కడే ఉంది. డ్రైవరు సీట్లో పెట్రిత్ స్నేహితుడు ఫ్రాన్ కూర్చుని జున్ను పెట్టిన బైరెక్ రొట్టె తింటున్నాడు.

"వాడేడి?"

"తల్లివి, నువ్వు చెప్పాలి గానీ నన్నడుగుతావేంటమ్మా?" ఫ్రాన్ మూతి తుడుచుకున్నాడు. "సోమవారం పొద్దున్నే తాళాలు నా ఒళ్ళో పడేశాడు. మూడు రోజులు తోలరా అన్నాడు. ఎక్కడికిరా అంటే, జెఫ్ దగ్గర ఒక విషయం తెలుసుకోవాలి, తర్వాత చూడాలి అన్నాడు. మనిషి అదోలా ఉన్నాడు."

జెఫ్ దగ్గర. మ్రికా అక్కణ్ణుంచే వెనుదిరిగింది. సైకిల్ నడిపించుకుంటూనే వెళ్ళింది.

దుకాణంలో ముగ్గురు మనుషులు వరుసలో ఉన్నారు. మ్రికా వాళ్ళను దాటుకుని బల్ల దగ్గరకు వెళ్ళింది. "బయటికి రా."

జెఫ్ వచ్చాడు.

"చెప్పావా?"

"ఏం మాటక్కా అది? మా అమ్మ చచ్చేదాకా చెప్పలేదు. నేను చెప్తానా?"

"మరి వాడెందుకొచ్చాడు?"

"నియమం అడిగాడు. అక్షరం అక్షరం చదివించుకున్నాడు. తర్వాత..." జెఫ్ గొంతు తగ్గింది. "కార్యాలయంలో ముద్ర వేయించడానికి నేను పది నిమిషాలు వెళ్ళాను. వాడు లోపలే కూర్చున్నాడు. నేను తిరిగొచ్చేసరికి లేడు."

"పుస్తకం?"

జెఫ్ నేల వైపు చూశాడు. "బల్ల మీదే ఉంది. మూసే ఉంది. తెరిచాడో లేదో నాకు తెలీదు."

మ్రికా గోడకు ఆనుకుంది. ఎదురుగా కార్యాలయం మెట్ల మీద జనం కాగితాలు పట్టుకుని ఎండకు చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ మెట్ల మీదే ముప్పై తొమ్మిదేళ్ళ కిందట మూడు రోజుల పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడింది. కొడుకా అని గుమాస్తా అడిగాడు. అవునంది. అప్పుడు తడుముకోలేదు.

"జెఫ్, వకీలుతో మాట్లాడావా?"

"కబురు పెట్టాను. గురువారం రమ్మన్నాడు."

"వద్దని చెప్పు. కోర్టు లేదు, రక్తం లేదు. నా కొడుకును కాదని నేను సంతకం పెట్టను."

"మరి వీసా?"

"రాకపోతే రాదు. మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇక్కడ. ఆ పిల్ల పాస్‌పోర్టు ఎక్కడ దాస్తుందో నేనే వెతుక్కుంటా." ఆవిడ చెయ్యి చాచింది. "పుస్తకం ఇటివ్వు."

జెఫ్ ఇచ్చాడు. మ్రికా దాన్ని సైకిల్ బుట్టలో కూరగాయల కింద పెట్టుకుంది.

*

బుధవారం మధ్యాహ్నం పెట్రిత్ వచ్చాడు. ముఖం ఎండకు కమిలింది. చొక్కా మాసింది. మ్రికా గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"ఎక్కడ చచ్చావురా మూడు రోజులు?"

"ఉల్చిన్‌లో."

"మాంటెనెగ్రోలోనా? అక్కడ నీకేం పని?"

"అక్కడే పని." జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "బస్సుల కంపెనీ. ఎండాకాలం బీచ్ దాకా, చలికాలం బడి పిల్లలకి. సగం ఊరు మన భాషే మాట్లాడుతుంది. ఒప్పందం రాసిచ్చారు. నివాస పత్రం మూడు వారాల్లో వస్తుంది. అది తెచ్చి జెఫ్‌కిస్తే, నా చిరునామా ఇక్కడ తీసేసి అక్కడ వేయిస్తాడు. అప్పుడు ఈ దేశంలో నీకు బిడ్డ లేడు."

మ్రికాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"నియమం నాలుగుసార్లు చదివించుకున్నాను," అన్నాడు పెట్రిత్. "కొడుకు ఉండకూడదు అని లేదు. దేశంలో ఉండకూడదు అని ఉంది. సరే, దేశంలో ఉండను. ఇక్కణ్ణుంచి గంట దూరం. టిరానా అంతకంటే దూరం. ఫోన్ ఎందుకు కలవలేదంటావా, అవతల ఆ సిమ్ము పనిచేయలేదు."

"జెఫ్ దుకాణంలో... బల్ల మీద పుస్తకం చూశావా?"

"ఏ పుస్తకం?"

అతని ముఖంలో ఏమీ లేదు. ఆకలి తప్ప.

"ఏమీ లేదు. కాళ్ళు కడుక్కో, చేప వేయిస్తాను," అంది మ్రికా.

*

నివాస పత్రం ఇరవై మూడు రోజులకు వచ్చింది. జెఫ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేళ్ళ నుంచి ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నా, నాకెందుకు తట్టలేదు?" అన్నాడు. కొత్త కుటుంబ పత్రంలో ఇద్దరు పిల్లలూ ఉన్నారు, ఇద్దరి ఎదుటా పరాయి దేశం. గడువుకు ఆరు రోజుల ముందు ఇటలీ నుంచి అనుమతి వచ్చింది. అల్కెతా ఫోన్‌లో ఏడ్చింది. అన్నయ్యను పిలవమంది. ఆ ఆదివారం అన్న మాటకు క్షమించమంది. "ఏడవకు, నీ ముఖం ముందే బాగోదు," అన్నాడు పెట్రిత్.

శనివారం అతను సామాను ఉల్చిన్‌కు తీసుకెళ్ళాలి. గది చూడాలని మ్రికా కూడా బయల్దేరింది. ఫ్రాన్ దగ్గర కారు అడిగి తీసుకున్నారు. వెనక సీట్లో పరుపు, రెండు కుర్చీలు, ఊరగాయ మిరపకాయల సీసా.

బునా వంతెన దాటారు. మ్రికా ఆ నది వైపు ఎప్పుడూ చూడదు. ఆరోజు చూసింది.

మురిచాన్ దగ్గర సరిహద్దుకు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. పెట్రిత్ ఇంజను ఆపాడు. కిటికీ దించి మోచెయ్యి బయట పెట్టాడు.

"పెట్రిత్, ఒక మాట చెప్పాలి," అంది మ్రికా.

చెప్పింది. ఎక్కడా ఆగలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. లాజర్, నది, లేనా, ట్రక్కు, మంత్రసాని, ఏడు ఇళ్ళు. జెఫ్ చూపించిన దారి, కోర్టు. చేతిసంచిలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి అతని ఒళ్ళో పెట్టింది.

ముందున్న కారు కదిలింది. పెట్రిత్ కదల్లేదు. వెనకాయన హారన్ కొట్టాడు. పెట్రిత్ చెయ్యి బయటికి పెట్టి, దాటి పొమ్మని సైగ చేశాడు. ఒకటి, రెండు, నాలుగు కార్లు దాటిపోయాయి. అతను పేజీ వెతికి చదివాడు. మంత్రసాని చేతిరాత గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టుంది.

"ఇది నువ్వు జూన్‌లో చెప్పుంటే," అన్నాడు, "నెలలో పనైపోయేది. నేను ఈ ఊరు మారే పనుండేది కాదు."

"అవును."

"ఇన్నేళ్ళూ చెప్పకపోతే పోనీ. మాటిచ్చావు. జూన్‌లో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వీసా వచ్చేది కాబట్టి."

పెట్రిత్ తల తిప్పి ఆవిడను చూశాడు.

"వీసా కోసం చెప్పాననుకునేవాడివి," అంది మ్రికా. "నువ్వనుకోకపోయినా నేననుకునేదాన్ని. ఇప్పుడు ఆ కాగితం వచ్చేసింది. ఇప్పుడు చెప్తే నాకొచ్చేదేమీ లేదు. పోయేదే ఉంది. లేనాకు మాటిచ్చింది నిన్ను ఆనాటి పాలకుల నుంచి కాపాడ్డానికి. వాళ్ళు పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇంక ఎవరి నుంచి దాచాలి?"

అతను పుస్తకం మూశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, ఆవిడ ఒళ్ళో కాకుండా, కారు ముందు అరలో తన పత్రాల పక్కన పెట్టుకున్నాడు.

"అల్కెతాకు తెలుసా?"

"ఇంకా లేదు."

"నేను చెప్తా. అన్నయ్య అడ్డం కాదే, అసలు అన్నయ్యే కాడు అని చెప్పి ఫోన్ పెట్టేస్తా. రెండు రోజులు నిద్ర పట్టదు దానికి."

"పెట్రిత్!"

"సరదాకన్నాలే." గొంతు సరదాగా లేదు. గడ్డం రుద్దుకున్నాడు. "లేనాను ఎక్కడ పెట్టారు?"

"లుష్నియా దాటాక, ఆ చిత్తడి ఊళ్ళోనే. చెక్క శిలువ ఉండేది. తొంభై రెండులో నేను, మీ నాన్న వెళ్ళి రాయి వేయించాం."

"నన్నెందుకు తీసుకెళ్ళలేదు?"

"తీసుకెళ్ళాం. నీకు ఆరేళ్ళు. ఎవరు ఈవిడ అనడిగావు. చుట్టం అన్నాం. నువ్వు కారులో కూర్చుని పుచ్చకాయ తిన్నావు."

పెట్రిత్ రోడ్డు వైపు చూశాడు. ముందు ఇప్పుడు కార్లు లేవు. సరిహద్దు పోలీసు గదిలోంచి తల బయటికి పెట్టి, వస్తారా రారా అని చెయ్యి ఊపాడు.

"నీ విమానం ఎప్పుడు?"

"పన్నెండో తారీకు."

"అయితే వచ్చే ఆదివారం వెళ్దాం. మొదటివారమే సెలవడిగితే వాళ్ళు నన్ను ఏమనుకుంటారో ఏమో." ఇంజను స్టార్ట్ చేశాడు. "దారి నువ్వు చెప్పాలి. నాకు పుచ్చకాయ ఒక్కటే గుర్తుంది."

కారు సరిహద్దు గది దగ్గర ఆగింది. పోలీసు వంగి వెనక సీటు చూశాడు. పరుపు, కుర్చీలు, మిరపకాయల సీసా.

"ఇల్లు మారుతున్నారా?"

"నేనొక్కణ్ణే," అన్నాడు పెట్రిత్, రెండు పాస్‌పోర్టులూ కలిపి అందిస్తూ. "మా అమ్మ గది చూడ్డానికొస్తోంది. నచ్చకపోతే వెనక్కి తీసుకుపోతానంటోంది. కొంచెం తొందరగా ముద్ర వెయ్యి."